లోపలివాళ్ల తరఫున సంతకం ఎవరిది?
('సెవరెన్స్' రెండో సీజన్ మీద కొన్ని అభిప్రాయాలు)

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లతో మనకేం పని అని అడిగే మిత్రులున్నారు. అంతరిక్ష నౌకలూ, మరమనుషులూ, మెదడులో చిప్పులూ కడుపు నిండినవాళ్ల ఊహలని వాళ్ల అభిప్రాయం. చాలావాటి విషయంలో ఆ మాట నిజమే. రేపటి లోకాన్ని ఊహించేవాళ్లు వాహనాల్ని మారుస్తారు, ఆయుధాల్ని మారుస్తారు. ఎవరు కూచోవాలి, ఎవరు నిలబడాలి అన్నది మాత్రం ఎక్కడిదక్కడే వుంచుతారు. అయినా 2025 జనవరి నుంచి మార్చి దాకా ఆపిల్ టీవీ ప్లస్‌లో పది ఎపిసోడ్లుగా వచ్చిన 'సెవరెన్స్' రెండో సీజన్ని అట్లా తోసెయ్యలేం. డాన్ ఎరిక్సన్ సృష్టించిన ఈ సీరియల్ మొదటి సీజన్ 2022లో వచ్చింది. ఆఫీసు ఉద్యోగుల విసుగు మీద వ్యంగ్యమని దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. మేం అందులో చూసింది వేరు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాం. లూమన్ అనే కంపెనీ కొందరు ఉద్యోగుల మెదడులో చిప్పు పెడుతుంది. లిఫ్టులో కింది అంతస్తుకు దిగగానే వాళ్లు బయటి జీవితాన్ని మొత్తం మరిచిపోతారు. పైకొచ్చాక లోపల ఏం చేశారో గుర్తుండదు. అంటే ఒకే శరీరంలో ఇద్దరు. లోపలి మనిషికి ఇల్లు లేదు, నిద్ర లేదు, ఆదివారం లేదు. లిఫ్టు తలుపు మూసుకుని తెరుచుకుంటే మళ్లీ పనే. జీతం బయటి మనిషిది. ఈ పని వద్దని లోపలి మనిషి అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఒప్పుకోవాల్సింది బయటి మనిషి. మొదటి సీజన్లో హెల్లీ ఒక టేబుల్ మీద కళ్లు తెరుస్తుంది. తన పేరేమిటో తనకు తెలియదు. చెయ్యాల్సిన పని మాత్రం అప్పటికే నిర్ణయమైపోయింది. ఆమె తరఫున సంతకం పెట్టిన బయటి మనిషి ఎవరంటే, కంపెనీ యజమాని కూతురు హెలెనా.

దీన్ని పరాయీకరణ అని తేల్చేసి వూరుకునే విమర్శ మనకు చాలదు. కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసే మనుషుల్నే ఒకరికొకరు అందకుండా మెట్లు మెట్లుగా పంచుతుందని అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో వాదించాడు. లూమన్ చేసింది అదే గదా. పుట్టుక టేబుల్ మీద జరిగింది, అంతే తేడా. పోలికను మరీ సాగదీయొద్దనే మాట కూడా ఇక్కడే చెప్పాలి. లూమన్‌లో కడుపు ఒక్కటే. లోపలి మనిషి కష్టపడితే బయటి మనిషి తిన్న కూడు ఆ శరీరానికే పడుతుంది. మన దగ్గర కడుపులు కూడా వేరే.

రెండో సీజన్ ఈ విభజనకు సంఘాన్ని జోడించింది. అందుకే ఇది మొదటిదానికంటే పై మెట్టు అంటాం. ఉద్యోగం పోయిన డిలన్ తలుపుల కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్తాడు. యజమానికి నచ్చుతాడు. ఇతను చిప్పు పెట్టించుకున్నవాడని తెలిసిన క్షణం నుంచి ఆ యజమాని మొహం మారిపోతుంది. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ఇంటిపేరు అడిగాక మారే మొహాన్ని చూసినవాళ్లం మేం. ఇంకో చోట బర్ట్ అనే పెద్దాయన భోజనాల దగ్గర చర్చి సంగతి చెప్తాడు. లోపలి మనిషికి విడిగా ఆత్మ వుంటుందట, విడిగా స్వర్గానికి పోతుందట. తాను చేసిన పాపాల వల్ల తనకెట్లాగూ స్వర్గం లేదు కాబట్టి, లోపలివాడైనా పోతాడని చిప్పు పెట్టించుకున్నాడట. ఆత్మ వుందని ఒప్పుకున్నారు, సెలవు మాత్రం ఒప్పుకోలేదు. మతం చేసే పని గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పిన దృశ్యం ఈ మధ్య మేం చూడలేదు.

మిల్చిక్ దగ్గర కాస్త ఆగాలి. అతను నల్లజాతి మేనేజర్. కంపెనీ స్థాపకుడు కీర్ ఈగన్ తెల్లవాడు. పదోన్నతి పొందిన మిల్చిక్‌కు కీర్‌ను నల్లవాడిగా గీయించిన బొమ్మల్ని బహుమతిగా పంపుతారు. గుడిలోకి రానివ్వనివాళ్లు దేవుడికి మన రంగు పూసి ఇంటికి పంపినట్టు! ఆ బొమ్మల్ని తెచ్చి ఇచ్చిన నాటలీ కూడా నల్లజాతి మనిషే. తనకూ అవే వచ్చాయని చెప్తుంది. ఆ నవ్వు వెనక ఏం అనుకుంటోందో మిల్చిక్ అడిగినా చెప్పదు. తర్వాత అతని పని మీద సమీక్ష జరుగుతుంది. ఫిర్యాదులు ఏమిటి? కాగితాలకు క్లిప్పులు తిరగేసి పెట్టాడు, పెద్ద పెద్ద మాటలు వాడుతున్నాడు. ఆ మనిషి ఒంటరిగా తన వాక్యాన్నే పదే పదే చెప్పుకుంటూ, ప్రతిసారీ మాటలు కోసేస్తూ, చివరికి ఒక్క మాట మిగిలేదాకా కుదించుకుంటాడు. ఇంటి నుంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మాట్లాడకపోతే రాదంటారు, మాట్లాడితే ఎక్కువైందంటారు. మా యాస దగ్గర ఒకసారి, మా ఇంగ్లీషు బరువు దగ్గర ఇంకోసారి నవ్విన మొహాలు మాకు గుర్తున్నాయి. మిల్చిక్‌గా చేసిన ట్రామెల్ టిల్‌మన్‌కు 2025 సెప్టెంబర్‌లో ఎమ్మీ అవార్డు వచ్చింది. డ్రామా సీరియళ్లలో సహాయ నటుడి విభాగంలో ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి పురుషుడు ఆయనే. ఆ సంగతి చదివినప్పుడు కాగితం క్లిప్పులే గుర్తొచ్చాయి.

సాల్ట్స్ నెక్ ఎపిసోడ్ నెమ్మదిగా వుందని విసుక్కున్నవాళ్లున్నారు. మాకది ముఖ్యమైంది. లూమన్ ఆ ఊళ్లో ఈథర్ ఫ్యాక్టరీ పెట్టింది, పిల్లల చేత పని చేయించింది, తర్వాత వదిలేసి పోయింది. ఊరికి మిగిలింది జబ్బూ, మత్తూ. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన పిల్లే హార్మొనీ కోబెల్. చిప్పు ఊహా ఆమెదే, నమూనాలూ ఆమెవే. పేరు యజమానిది. తోలు శుద్ధి చేసిన మాదిగలు శాస్త్రజ్ఞులని కంచ ఐలయ్య వాదిస్తే నవ్వినవాళ్లు ఈ ఎపిసోడ్ చూడాలి. అట్లాగని కోబెల్ మీద జాలి కురిపించనక్కర్లేదు. తన బతుకును నలిపిన కంపెనీకే ఇంకొకర్ని నలిపే పనిముట్టు తయారుచేసి ఇచ్చింది.

అదే ఏడాది 'ఆండోర్' రెండో సీజన్ కూడా వచ్చింది. గోర్మన్ గ్రహం నేల కింద ఖనిజం వుంది కాబట్టి, అక్కడి జనం మీద ముందు చెడ్డపేరు వేసి, తర్వాత చౌరస్తాలో కాల్చి చంపుతారు. గొప్పగా తీశారు. అయితే అక్కడ శత్రువుకు యూనిఫాం వుంది, గుర్తుపట్టడం తేలిక. 'సెవరెన్స్'లో శత్రువు మన మొహంతోనే వస్తాడు. యజమాని కూతురు హెలెనా లోపలి మనిషి హెల్లీలా నటిస్తూ కార్మికుల మధ్యకు వస్తుంది. వాళ్ల బాధ తన బాధన్నట్టు మాట్లాడుతుంది, మార్క్ ప్రేమను దొంగిలిస్తుంది. అర్వింగ్ ఒక్కడే పసిగడతాడు. పట్టించినందుకు అర్వింగ్‌ను తీసేస్తారు. మన సభల్లో మన తరఫున మాట్లాడినవాళ్ల జాబితా ఇక్కడ రాయబోం.

చివరి ఎపిసోడ్‌లో ఇద్దరు మార్క్‌లు వీడియో కెమెరా ద్వారా మాట్లాడుకుంటారు. ఒకడు రికార్డు చేసి గుమ్మం దాటుతాడు, ఇంకొకడు చూసి జవాబు రికార్డు చేస్తాడు. బయటి మార్క్ ముందు క్షమాపణ అడుగుతాడు. నా భార్య జెమ్మా లోపల బందీగా వుంది, ఆమెను కాపాడు అంటాడు. కాపాడాక మా గతేమిటని లోపలి మార్క్ అడుగుతాడు. ఇద్దరం కలిసిపోదాం, ఒక్కటవుదాం అని జవాబు. నువ్వు బతికిన ఏళ్లెన్ని, నేను బతికిన ఏళ్లెన్ని, ఆ కలయికలో నేను మిగిలేదెంత అని ఇతను లెక్క అడుగుతాడు. ఇతను ప్రేమించిన మనిషి పేరు కూడా ఆ ఉపకారికి సరిగ్గా రాదు, హెల్లీని 'హెలెనీ' అంటాడు.

మాకు వెంటనే ఎరవాడ జ్ఞాపకం వచ్చింది. 1932 ఆగస్టులో అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించారు. సెప్టెంబర్ 20న గాంధీ జైల్లో నిరాహారదీక్ష మొదలుపెట్టాడు. 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సీట్లు పెరిగాయి, విడిగా ఎన్నుకునే హక్కు పోయింది. అక్కడా ఒక ప్రాణం తూగుతోంది, గడువు ముంచుకొస్తోంది, కలిసిపోదామనే మాట తియ్యగా వుంది. కలిసిపోవడం ఎవరి లెక్క ప్రకారం అని అడిగినవాణ్ణి కఠినుడన్నారు. జెమ్మా ప్రాణం నిజంగానే విలువైంది. ఆమెను గదికొక మనిషిగా చీల్చి, ఒక్కో మనిషికి ఒక్కో బాధ అప్పజెప్పారు. పన్ను పీకించుకునే బాధ కోసమే బతికే మనిషి ఒకామె! అందుకే లోపలి మార్క్ ఆమెను తలుపు దాటించి బయటికి పంపుతాడు. తను మాత్రం దాటడు. దాటితే అతను వుండడు.

తలుపు అవతల భార్య అరుస్తుంటే వెనక్కి తిరిగినవాడు ద్రోహి అన్నారు కొందరు ప్రేక్షకులు. మా మిత్రుల్లోనూ వున్నారు. వాళ్లను మేం అడిగేది ఒకటే. ఎవరి పెళ్లికి ఎవరు కట్టుబడాలి? సంతకం బయటివాడిది, తాళీ బయటివాడిది, త్యాగం మాత్రం లోపలివాడిదా?

అయితే రచయితలు ఇక్కడే జారిపోయారు. లోపలి మార్క్ ఎందుకు ఆగాడు? హెల్లీ కోసం. హక్కు ప్రశ్నగా మొదలైంది ప్రేమకథగా ముగిసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎర్రటి వెలుగులో వరండాల వెంట పరుగెత్తుతారు. చూడ్డానికి బాగుంది, ఎక్కడికో వాళ్లకే తెలియదు. ఆ వరండాలు అద్దంలా మెరుస్తుంటాయి. రోజూ వాటిని తుడిచే చేతులు ఏ ఎపిసోడ్‌కూ కథావస్తువు కాలేదు. ఇంకో గదిలో బ్యాండు వాయించడానికి వచ్చిన కార్మికులున్నారు. మనకిచ్చింది సగం బతుకే, దానికోసమైనా పోరాడదామని హెల్లీ ఒక టేబుల్ ఎక్కి వాళ్లకు చెప్పింది. వాళ్లూ, డిలనూ మిల్చిక్‌ను అడ్డుకుని నిలబడ్డారు. కెమెరా వాళ్లను వదిలేసి జంట వెనక పోయింది. మూడో సీజన్ వుంటుందని 2025 మార్చిలోనే ప్రకటించారు. ఆ బ్యాండువాళ్ల పేర్లేమిటో, వాళ్ల బయటి మనుషులెవరో ఈ సీజన్ మనకు చెప్పలేదు.