రబ్బరుతో చెరిపేసిన నవ్వులు

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఎన్నో ఏళ్లుగా అక్కడ నేను వెతికేది ఒకటే, ‘శంకర్స్ వీక్లీ’. నన్ను దూరం నుంచి చూడగానే పుస్తకాలాయన చెయ్యి అడ్డంగా ఊపేస్తాడు. “మీ బొమ్మల పుస్తకం ఈ వారం రాలేదు సార్!”

1948లో కార్టూనిస్టు శంకర్ పిళ్లై ఢిల్లీలో మొదలుపెట్టిన ఇంగ్లిష్ వారపత్రిక అది. ఆవిష్కరించిన నెహ్రూ తననూ వదిలిపెట్టొద్దన్నారు. శంకర్ వదల్లేదు. అబూ అబ్రహాం, ఓ.వి. విజయన్ గీతలు పదునెక్కింది ఆ పేజీల్లోనే.

నాకు కావలసినవి 1969 నుంచి వచ్చిన సంచికలు. మనకి తెలంగాణ ఉద్యమం, జై ఆంధ్ర. గుజరాత్‌లో నవనిర్మాణ్, బీహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాలు. దేశమంతా కుతకుతలాడిన రోజులవి.

కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. చవకరకం కాగితం అంచులు అప్పడాల్లా విరుగుతాయి. తుప్పు పట్టిన పిన్నులు ముందు తీసెయ్యాలి. లాగితే పేజీ ఊడొస్తుంది. వెనకవైపు పిన్ను కాళ్లు నిటారుగా లేపి, మెల్లగా పైకి తియ్యాలి. చిరుగులకి సెల్లోటేప్ వేశామో, నాలుగేళ్లకి టేప్ ఊడిపోయి గోధుమరంగు మరక మిగులుతుంది. పలచటి టిష్యూ కాగితం, గోధుమ గంజి చాలు.

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన నేనే ఒక తెలివితక్కువ పని చేశాను. మచ్చలేని ప్రతికే విలువెక్కువ అని, పాత పాఠకుల పెన్సిల్ రాతలన్నీ రబ్బరు పెట్టి చెరిపేసేవాణ్ణి.

ఒకసారి 1974 మే నాటి సంచిక దొరికింది. దేశమంతటా రైల్వే సమ్మె నడిచిన నెల అది. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. అంచున, సన్నటి తెలుగు అక్షరాల్లో ఎవరో రాసుకున్నారు: ‘మా బెజవాడ బండి ఎప్పుడు కదులుతుందో!’ పక్కనే కార్టూన్లోని మనుషులకి ఒక్కొక్కరికీ బాణం గుర్తు, పేరు. ఆ పేర్లు లేకపోతే వాళ్లలో సగం మంది ఎవరో నాకు తెలిసేది కాదు.

రాజకీయ జోకుకి ఆయుష్షు వారమే. ఆ వారం పేపరు చదివినవాడికే అది పేలుతుంది. యాభై ఏళ్ల తర్వాత మనకి బొమ్మ మిగులుతుంది, నవ్వు మిగలదు. దాన్ని దాచిపెట్టింది ఆ పెన్సిల్ రాతలే. ఎన్ని నవ్వులు నా చేత్తో నేనే చెరిపేశానో!

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. నియంతృత్వానికి నవ్వు పడదన్న మాట సంపాదకీయంలో చెప్పి, శంకర్ ఆ ఏడే పత్రిక ఆపేశారు. ఆఖరి సంచిక తేదీ ఆగస్టు 31. అది నాకింకా దొరకలేదు.

మీ ఇంట్లో అటక మీద పాత పత్రికల కట్టలుంటే, కాటాకి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. పెన్సిల్ గీతలు కనిపిస్తే మాత్రం, దయచేసి రబ్బరు పెట్టకండి.