ఉప్పు తక్కువా, నీళ్లు ఎక్కువా?

“సోడియం తగ్గింది, ఉప్పు బాగా తినిపించండి.” ఎవరో రాసిచ్చిన ఈ చీటీ చూసినప్పటి నుంచి ఈ వారమంతా నాకు చిరాకే. తెచ్చినాయన పర్కాల దిక్కు రైతు. “సార్, నాయినకు రోజూ ఉప్పునీళ్లే తాపుతున్నం. రెండు సెలైన్లు గూడ ఎక్కించిన్రు. అయినా 122 ఉన్నది 118కి వడ్డది” అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన కొడుకు పేరు గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఉండాల్సింది 135 నుంచి 145.

సెలైన్ సీసా మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. ఒళ్లు నొప్పులకు సీసా, నీరసానికి సీసా, ఏమీ తోచకపోతే సీసా. మళ్లీ అందుకున్నాడని విసుక్కోకండి, ఈసారి దానికి లెక్క ఉంది.

లెక్కంటే మాకు ఫిజియాలజీ చెప్పిన మాస్టారు గుర్తొస్తారు. బోర్డు మీద రెండే అంకెలు వేసేవారు: 180, ఒకటిన్నర. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడపోస్తాయి, బయటికి పంపేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా తిరిగి రక్తంలోకే. “ఇంత చాకిరీ ఎందుకురా?” అని అడిగేవారు. మేం మొహాలు చూసుకునేవాళ్లం. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి, కావలసినవే లోపలికి తెచ్చుకుంటాం కదా, ఇదీ అంతేననేవారు. చెత్తను పేరుపేరునా గుర్తుపట్టే పని లేదు. లోపలికి తేకపోతే చాలు, అది వెళ్లిపోయినట్టే. నీళ్లు ఎన్ని వెనక్కి తీసుకోవాలో మాత్రం మెదడు నుంచి వచ్చే హార్మోన్ చెబుతుంది. ఆయన క్లాసంటే భయపడేవాళ్లం. ఇన్నేళ్లకూ రోగి ముందు కూర్చుంటే నాకు అక్కరకొచ్చేది ఆ రెండంకెలే.

పెద్దాయన ఎక్స్‌రేలో ఊపిరితిత్తికి నిమ్ము కనిపించింది. అలాంటప్పుడు ఆ హార్మోన్ అదుపు తప్పుతుంది, అవసరం లేకపోయినా నీటిని పట్టి ఉంచుతుంది. మూత్రం చిక్కబడుతుంది. అది సెలైన్ కంటే రెండింతలు చిక్కగా ఉందనుకోండి. లీటరు సెలైన్‌లోని ఉప్పంతా అర లీటరు మూత్రంలోనే బయటికి పోతుంది. మిగిలిన అర లీటరు వట్టి నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. ఎక్కించింది ఉప్పు, మిగిలింది నీళ్లు. సోడియం పడిపోక ఏం చేస్తుంది? ఆయనకు కావలసింది నిమ్ముకు మందు, తాగే నీళ్లకు కొలత.

అలాగని నీళ్లు తగ్గించుకోమని ఊరందరికీ చెప్పలేను. మే నెలలో ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి చెమటతో నీళ్లూ ఉప్పూ రెండూ పోతాయి. వట్టి నీళ్లే తాగుతూ పోతే అతనికీ 118 రావచ్చు. అతన్ని నిలబెట్టేది నేను తిట్టిపోసే ఆ సెలైన్ సీసానే, లేదంటే ఓఆర్‌ఎస్. రక్తపరీక్షలో ఇద్దరి అంకె ఒక్కటే, వైద్యం మాత్రం ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. తేడా పట్టిచ్చేది మూత్రపరీక్ష: అందులో సోడియం ఎంత, చిక్కదనం ఎంత. పరీక్షల పిచ్చిని ఇన్నేళ్లుగా తిడుతున్న నేనే ఈ రెండూ చేయించమంటున్నాను.

ఇంకో మాట. మెల్లగా పడిన సోడియంను మెల్లగానే లేపాలి, రోజుకు 8కి మించకుండా చూసుకుంటారు. ఫిట్స్ వస్తే మొదట్లో కొంచెం తొందరపడక తప్పదు, అది ఆసుపత్రిలో జరగాల్సిన పని. తొందరలో 118ని ఒక్క రోజులో 135 చేస్తే మెదడు కాండంలో నరాల పైపొర దెబ్బతిని మాట, నడక పడిపోవచ్చు. ఈ జబ్బును మొదట వర్ణించింది 1959లో, మన కాకతీయ మెడికల్ కాలేజీ పుట్టిన ఏడే. తొందరపాటు వైద్యమే కారణమని తేలడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి “ఇంకా నార్మల్ కాలేదేంది?” అని వార్డులో డాక్టర్ మీద ఎగబడకండి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ కోసం క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మాత్ర కొత్తగా మొదలుపెట్టారా? రెండు వారాల్లోగా ఒకసారి సోడియం చూపించండి. తూలినా, మాట తడబడినా అంతవరకు ఆగొద్దు. మాత్ర మాత్రం సొంతంగా మానెయ్యకండి, రాసిన డాక్టర్నే అడగండి.