అక్షరం వచ్చినంత మాత్రాన

నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు మా యానాదుల మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1962లో అచ్చయింది. ఆయన చదివింది వకీలు చదువు. కానీ ఆ పుస్తకానికి బలం, మా మనుషుల మధ్య తిరిగి తెలుసుకున్నదే.

1871లో నేరస్థ జాతుల చట్టం రాసినవాళ్లూ పెద్ద చదువులవాళ్లే. పుట్టుకను బట్టి మనిషిని దొంగ అన్నారు. మాలోనూ కొందరిని ఆ జాబితాకెక్కించారు. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. దాన్ని రాసినవాళ్లను విద్యావంతులందామా?

కోవూరు వరిచేలల్లో మట్టి చూసి, ఎలుక ఏ కలుగులో ఉందో చెప్పే అవ్వకు సంతకం రాదు. చదవలేనివాళ్లు కాగితాల దగ్గర మోసపోతారు. అందుకే బడి వద్దని మేము అనం. కానీ బడికెళ్లిన మనవరాలు అవ్వ పని చెప్పుకోవడానికి సిగ్గుపడితే, ఆ బడి అక్షరాలు నేర్పింది, చదువు చెప్పలేదు.

రాఘవయ్య గారి పుస్తకంలో మాకు కనిపించే లోటు ఒక్కటే. మా గురించి రాసిందాన్ని మా అవ్వలు చదవలేరు, చదివి 'ఇది తప్పు' అనలేరు. ఆ లోటు తీర్చాల్సింది మనమే. అయ్యవార్లూ, పిల్లల చేత వాళ్ల అవ్వ చెప్పిన మాట రాయించండి. రాసింది ఆమెకే చదివి వినిపించమనండి. అక్షరదోషాలు మీరు దిద్దండి, విషయం ఆమె దిద్దుతుంది.