మార్పుకు సంసిద్ధత: హార్వుడ్ అధ్యయనముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

నాయకత్వ శైలికి, మార్పు పట్ల ఉద్యోగుల సంసిద్ధతకు గల సంబంధమును చర్చించేవారు తరచుగా పేర్కొనే అధ్యయనము లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ 1948లో ప్రచురించినది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో, మేరియన్ పట్టణములో పైజమాలు తయారుచేసే హార్వుడ్ కర్మాగారములో ఇది జరిగింది. పాఠశాలలను, ఆసుపత్రులను, సంఘములను నడిపించే మనము దీనిని జాగ్రత్తగా చదువవలసియున్నదని మా అభిప్రాయము.

ఆ కర్మాగారములో పనివిధానము మార్చినప్పుడల్లా ఉత్పత్తి తగ్గేది. అనేకులు పని మానేసేవారు. పరిశోధకులు నాలుగు బృందములను తీసుకున్నారు. మొదటి బృందములోని 18 మంది ఇస్త్రీ పనివారికి మార్పును, కొత్త కూలి రేటును తెలియజేసి, ప్రశ్నలకు జవాబిచ్చి పంపివేశారు. రెండవ బృందము తన ప్రతినిధుల ద్వారా మార్పు రూపకల్పనలో పాల్గొన్నది. మిగిలిన రెండు చిన్న బృందములలో అందరూ పాల్గొన్నారు. రెండవ బృందమునకు ఒకే విధమైన రెండు వస్త్రములు చూపించారు. ఒకటి రెండవదానికి రెట్టింపు ధరకు అమ్ముడైనది. ఏది చౌకదో వారు చెప్పలేకపోయారు. ఖర్చు తగ్గించవలసిన అవసరమును ఆ విధముగా వారి కళ్లకు కట్టారు.

మొదటి బృందములో 40 దినములలో 17 శాతము మంది పని మానేశారు, ఉత్పత్తి కోలుకోలేదు. మిగిలిన బృందములలో ఆ కాలములో ఎవరూ మానలేదు. కూలి రేటు అన్యాయమని మొదటి బృందము ఫిర్యాదు చేసింది; పరిశీలించగా ఆ రేటు కొంత ఉదారముగానే ఉన్నట్లు తేలింది. అనగా వారి బాధకు అసలు కారణము డబ్బు కాదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆ బృందములో మిగిలిన 13 మందిని సుమారు రెండున్నర నెలల తరువాత, పూర్తిగా పాల్గొననిచ్చి వేరొక పనికి మార్చగా, వారే త్వరగా కోలుకున్నారు. మనుష్యులు వారే, నడిపించిన విధానమే మారినది. "మావారు మార్పును ఒప్పుకోరు" అనే నాయకుల ఫిర్యాదుకు ఇది గట్టి జవాబు.

అయినను ఈ అధ్యయనములో లోపములు లేకపోలేదు. బృందముల పని ఒకటి కాదు, పరిమాణమూ ఒకటి కాదు. ఏడెనిమిది మంది మాట్లాడుకొనుట 18 మందికంటె సులభము. పైగా మార్పు అవసరమా అనే ప్రశ్నను పనివారికి విడిచిపెట్టలేదు; ఎట్లు చేయవలెననునదే వారి ముందుంచారు. "పాల్గొనుట" అనే మాట ఈ హద్దును కప్పివేస్తున్నది. ఫ్రెంచ్ తన సహచరులతో నార్వేలోని పాదరక్షల కర్మాగారములో చేసి 1960లో ప్రచురించిన ప్రయోగములో ఉత్పత్తిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కాబట్టి పాల్గొనుట ఎక్కడైనా పనిచేసే సూత్రము కాదు.

మేమును నిర్ణయము ముగించుకొని ఆ తరువాత సమావేశము పిలిచిన సందర్భములున్నవి. అందరూ చేతులెత్తారు, పని మొదలైనప్పుడు చేయి వేసినవారు కొద్దిమందే. వారు సిద్ధముగా లేరని అప్పుడు నిందించాము. నిజమునకు వారు నిర్ణయించుటకు మేమేమీ మిగల్చలేదు. అట్టి సమయములో అభిప్రాయములు అడుగుటకంటె, నిర్ణయము జరిగినదని నిజాయితీగా చెప్పుట మేలు. సంసిద్ధతను ఉద్యోగులలో కొలుచుటకు ముందు, వారి మాటకు మనము విడిచిన చోటును కొలుచుకొనుట న్యాయము.