కోటలో పెరిగే గరిక

గోల్కొండకు ఈశాన్యంగా ‘నయా ఖిల్లా’ అని కోటకు తగిలించిన మరో కోట ఉంది. 1656లో ఔరంగజేబు ముట్టడించి వెళ్ళాక, శత్రువు మళ్ళీ అక్కడి మెట్ట ఎక్కి ఫిరంగులు పేల్చకుండా గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఆ మెట్టనే గోడలోపలికి లాక్కున్నాడు. హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వారి 18 హోల్స్ మైదానం ఇప్పుడు అక్కడే ఉంది. గోల్కొండ మాస్టర్స్ పోటీలు జరిగేదీ అక్కడే. చారిత్రక స్థలంలో ఈ ఆట ఏమిటన్న అభ్యంతరం పాతదే, కొట్టిపారేయదగ్గదీ కాదు. నేను చెప్పబోయేది మాత్రం నేల మీది పనితనం.

బెజవాడ నుంచి వెళ్ళేవాళ్ళు ముందుగా చూడాల్సింది జెండా పాతిన గ్రీన్. డెల్టావాళ్ళం మడిలో నీరు నిలబెట్టడంలో ఆరితేరాం. దమ్ము చేసి, చదును చేసి, గట్టు మెత్తి, కాలువ నీటిని కాపలా కాస్తాం. గ్రీన్ కట్టేవాడి తపన దీనికి తలకిందులు: నీరు రావాలి, కానీ నిలవకూడదు. ప్రామాణిక పద్ధతిలో అడుగున చిల్లుల గొట్టాలు పరుస్తారు. వాటిమీద 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల జల్లెడ పట్టిన ఇసుక. అసలు తెలివి ఆ ఇసుకకూ కంకరకూ మధ్య ఉంది. ఇసుకలోని సన్నటి సందులు నీటిని పట్టి ఉంచుతాయి. కంకర సందులు పెద్దవి కాబట్టి నీరు వెంటనే కిందికి దిగదు. వేళ్ళకు కావలసినంత తడి పైనే ఆగుతుంది. వాన ఎక్కువై బరువు పెరిగితే మిగులు కంకరలోకి జారి గొట్టాల దారి పడుతుంది. తూము లేదు, లస్కరు లేడు. బుడమేరు 2024 సెప్టెంబరులో బెజవాడను ఎలా ముంచిందో చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.

పైన పెరిగేది గరిక! మన రైతు పారతో పెకలించి గట్టు అవతల పారేసేదీ, వినాయకచవితికి వెతికి తెచ్చేదీ ఆ జాతే. వేడి ప్రాంతాల గ్రీన్లకు దాని సంకర రకాలు వాడతారు. వాటిలో పేరున్న టిఫ్‌డ్వార్ఫ్ 1965లో అమెరికాలోని జార్జియాలో విడుదలైంది. దానికి మొలిచే గింజ ఉండదు, తీగ ముక్కలు నాటాల్సిందే. అదే గరికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కోస్తారు. కోత యంత్రంలో తిరిగే బ్లేడ్లూ కదలని కింది బ్లేడూ కత్తెరలా కలవాలి. మెకానిక్ మధ్యలో కాగితం ముక్క పెట్టి, చిరగకుండా తెగిందో లేదో చూస్తాడు. కాగితం నలిగితే గడ్డీ నలుగుతుంది, మర్నాటికి కొనలు గోధుమరంగు తిరుగుతాయి.

కొత్తగా ఆడేవాళ్ళకు ఈ గరికే మొదటి పాఠం. అది ఒక వైపుకు వాలి పెరుగుతుంది. మెరుస్తూ కనిపిస్తే వాలు మీకు దూరంగా ఉన్నట్టు, బంతి చురుగ్గా పరుగెడుతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు, కాస్త గట్టిగా కొట్టాలి. నేల వాలు ఒకటి చెబితే గడ్డి మరొకటి చెప్పే చోట్లుంటాయి. అక్కడ మొహమాటపడక క్యాడీని అడగండి.

గ్రీన్ మీద బంతి పడ్డచోట గుంట పడుతుంది, దాన్ని సరిచేయడం ఆడేవాడి బాధ్యత. కొత్తవాళ్ళు ఫోర్కు గుచ్చి అడుగుమట్టి పైకి లేపుతారు, వేళ్ళు తెగుతాయి. అంచుల నుంచి మధ్యకు తోసి, పటర్‌తో మెత్తగా అదమాలి. ఎత్తు మడమల బూట్లు వద్దు. బంకరులో నడిస్తే అక్కడే ఉండే రేక్‌తో ఇసుక సర్ది రండి.

గ్రీన్ ఫీజు, ఖాళీ వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నడిచి ఆడితే 18 హోల్స్‌కు నాలుగు గంటలైనా పడుతుంది, మొదటిసారికి తొమ్మిది చాలు. నయా ఖిల్లాలోనే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టుంది, నాలుగు వందల ఏళ్ళదంటారు. దాన్నీ చూడండి, కానీ తొందరగా. నా ఓటు గ్రీన్‌లోని 108 మిల్లీమీటర్ల గుంటకే. గడ్డి ఒకేచోట అరిగిపోకుండా పనివాడు దాని స్థానం మారుస్తుంటాడు. కొత్తచోట గుండ్రటి కట్టరు దింపి, వచ్చిన మట్టి ముద్దను గడ్డితో సహా పాత గుంటలో కూర్చుతాడు. ఎత్తు సరిపోకపోతే ముద్ద మళ్ళీ పైకి తీసి, అడుగున చిటికెడు ఇసుక వేసి, మళ్ళీ దింపుతాడు. పని కుదిరితే దానిమీదుగా దొర్లే బంతి అదరదు.