గడియారం చూసి మాత్ర

కేన్సర్ చివరిదశలో ఉన్నవాళ్ల ఇళ్లకు నర్సుగా వెళ్తుంటాను. చాలాచోట్ల గుమ్మంలోనే నన్ను పక్కకు పిలుస్తారు. "సిస్టర్, నాన్నకేం చెప్పలేదు. మీరూ చెప్పొద్దు." లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుంటాను. "పెద్దాయనా, అన్నిటికంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నదేమిటి?" అని అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది నొప్పి. కొందరు మాత్రం పెళ్లి కాని కూతురి గురించి చెబుతారు. లండన్‌లో 1967లో చివరిదశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ ఈ రెండింటినీ ఒకే నొప్పిగా చూడమంది. ఆమె కూడా మొదట నర్సే.

నొప్పికి మందుంది. మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే గడియారం చూసి వేయాలి, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పిన పద్ధతి ఇది. రెండు రోజులు హాయిగా నిద్రపోగానే ఇంటివాళ్లు మాత్ర ఆపేస్తారు. "తగ్గింది కదా, అలవాటైపోతుందేమో" అంటారు. తగ్గింది ఆ మాత్ర వల్లే! మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుందని డాక్టరు రాసిన విరేచనం మందునూ మానేస్తారు. దాంతో అది ఇంకో నరకమవుతుంది. మన దేశంలో మార్ఫిన్ అనుమతుల చిక్కును 2014లో చట్టం సవరించి తేలిక చేశారు. ఇళ్లలో భయం మాత్రం అలాగే ఉంది.

ఇక అన్నం. నాకు అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. "రెండు ముద్దలైనా తిను నాన్నా" అని ఏడుస్తూ పెట్టే కూతురికి వద్దని ఎలా చెప్పను? అయినా చెబుతాను. ఒంటికి ఆకలి ఆగిపోయింది తల్లీ, తినకపోవడం వల్ల పోవడం లేదు, పోయే వేళ గనుక తినడం లేదు. బలవంతంగా పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. స్పృహ లేనివాళ్లకు తులసితీర్థమైనా గొంతులో పోయకూడదు. తడి దూదితో పెదాలు అద్దితే చాలు, ఆ పని ఆమె చేతికే ఇస్తాను. నోరెండిపోవడం ఎంత బాధో మనకు తెలియదు. గంటకోసారి తడిపితే ముఖం తేటపడటం చాలాసార్లు చూశాను.

లేచే ముందు, రాత్రిళ్లు మేలుకుంటున్నదెవరని అడుగుతాను. ఎప్పుడూ ఒక్కరే, కోడలో, భార్యో. ఆమె తిన్నదా, పడుకున్నదా అన్నదీ నా నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ రాత్రికి కొడుకుల్లో ఎవరో ఒకరు వంతు తీసుకునేదాకా అక్కణ్నుంచి కదలను.