నీళ్ల సీమలో మిరప కుండీ

కైకలూరు నుంచి ఎటు వెళ్లినా నీళ్లే. ఆటపాక వైపు పక్షుల చెరువు, కొల్లేటికోట దారి పొడవునా చేపల చెరువులు, అవి లేనిచోట వరిచేలు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేట్లో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఎండాకాలంలో అదే ఉప్పుటేరు దారిన ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. ఈ నేలలో వరి పండుతుంది, చేప పెరుగుతుంది. మిరప మాత్రం ఇక్కడి పంట కాదు. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే వాలిపోయే మొక్క అది. ఉప్పుకీ అంతే భయపడుతుంది. నేల ఉప్పదనాన్ని కొలిచే లెక్కలో వరి మీటరుకు 3 డెసీసైమెన్ల దాకా ఓర్చుకుంటే, మిరపకు 1.5 దాటగానే కాపు తగ్గడం మొదలవుతుంది. ఎండుమిర్చి కోసం ఈ ప్రాంతం గుంటూరు వైపు చూసేది అందుకే.

అయినా చాలా ఇళ్లలో ఒక మిరప మొక్క కనబడుతుంది. వరండా గ్రిల్ పక్కన, మెట్ల మలుపులో, వంటింటి కిటికీ గట్టు మీద. ఇది పట్నం నుంచి దిగిన సరదా అనుకునేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. చుట్టూ నీళ్లున్నచోట మిరపకు సరైన చోటు కుండీయే. ఎంత నీరు పోయాలో, అది ఎటు పోవాలో మన చేతిలో ఉండేది అక్కడే కదా.

కుండీ అంటే కొనాల్సిన పనీ లేదు. చేపల్ని ఐసులో సర్ది కోల్‌కతా దాకా పంపే ఊరిది. అంచు విరిగిన థర్మాకోల్ పెట్టె ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఎండ వేడి వేళ్లకు సోకనివ్వదు కనుక మే నెలలో ప్లాస్టిక్ బకెట్ కంటే అదే మేలు. అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టి, కింద రెండు ఇటుక ముక్కలు ఎత్తు పెట్టాలి. లోతు మాత్రం అడుగుకు తగ్గకూడదు.

అసలు సంగతి మట్టిలో ఉంది. చెరువు గట్టు నుంచి తవ్వి తెచ్చిన నల్లమట్టిని కుండీలో నింపితే తడిసినప్పుడు బంక, ఎండితే రాయి. మట్టి ఒక వంతు, చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలిపి, రైస్ మిల్లు ఊక రెండు గుప్పిళ్లు వేస్తే వేరుకు గాలి ఆడుతుంది. రొయ్యల చెరువు అడుగు మట్టి బలమని కొందరు తెచ్చి వేస్తారు. అందులో ఉన్న ఉప్పు మిరపను లోపల్నుంచి ఎండబెడుతుంది. బోరునీళ్లు పోసే ఇళ్లలోనూ ఇదే బాధ: కొన్నాళ్లకు మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. దీనికి మందు కొట్టవలసింది లేదు. వాన పడ్డప్పుడు చూరు నీళ్లు పట్టుకుని, అడుగు బెజ్జాల్లోంచి ధారగా కారేదాకా రెండు మూడు సార్లు పోస్తే ఉప్పు కడుక్కుపోతుంది. మామూలు రోజుల్లో వేలు కణుపు లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు.

గింజకు చెట్టు మీదే ఎర్రబడిన కాయ మేలు. కారం పట్టించడానికి ఎండబెట్టిన కాయల్లోంచి తీసినది కొంత మొలుస్తుంది, కొంత మొలవదు. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే పది రోజుల్లోపు మొలక పైకొస్తుంది. నారును ఐదారు వారాలకు పెద్ద కుండీలోకి మార్చి, జానెడు ఎత్తు ఎదగగానే తల తుంచాలి. కొత్తవాళ్లకు ఇక్కడే చెయ్యి ఆడదు. కానీ తల తుంచని మొక్క కిటికీ వెలుతురు కోసం సన్నగా పొడుగ్గా సాగి, కాయ బరువుకు పడిపోతుంది. ఎండ రోజుకు ఐదారు గంటలన్నా తగలాలి. తూర్పు, దక్షిణపు కిటికీలు సరిపోతాయి. ఉత్తరపు కిటికీలో మనీ ప్లాంటు పెట్టుకోవడమే మంచిది.

ఇంట్లో పెంచేవాడికి పొలం రైతుకు లేని వీలు ఒకటుంది: ప్రతి ఆకునూ రోజూ చూడగలడు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు పని, రైతులు పై ముడత అంటారు. కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి, అది కింద ముడత. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి వైద్యం లేదు, పీకి పారేయడమే. 2021లో మిరప మీదికి కొత్తగా దిగిన నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ఎంత దెబ్బతీసిందో అందరికీ తెలుసు. అది పూవులో దాక్కుంటుంది కనుక ఎకరాల్లో పట్టుకోవడం కష్టం. కుండీ మొక్కకైతే పూవును తెల్లకాగితం మీద తట్టి చూస్తే చాలు, నల్లటి నలకలు కదులుతాయి. నీలిరంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీసి, లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురగ కలిపి ఆకు అడుగున పడేట్టు కొడితే మొదట్లోనే ఆగుతుంది.

బలానికి ఈ ప్రాంతంలో సులువైనది చేప-బెల్లం ద్రావణం. చేప వ్యర్థాలు, బెల్లం సమపాళ్లలో డబ్బాలో వేసి మూడు వారాలు ఊరనిచ్చి, వడగట్టి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు. కలిపేది మాత్రం డాబా మీదే. ఇంట్లో మూత తీసినవాళ్లు రెండోసారి తియ్యరు.

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. పొలంలో దీనికి దారి లేదు, కుండీనైతే నీడకు జరుపుకోవచ్చు. గాలి, తేనెటీగ రాని గదిలో పొద్దున్న పదింటి వేళ కొమ్మను వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి పిందె పడుతుంది. మిరప పూవులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కనుక అంతకుమించి అక్కర్లేదు.

కాపు తగ్గగానే మొక్కను పీకేయడం మనకు పొలం నేర్పిన అలవాటు. నిజానికి మిరప ఏళ్లతరబడి బతికే పొద. రెండు ప్రధాన కొమ్మల్ని బెత్తెడు మిగిల్చి కత్తిరించి, పై మట్టి మార్చి ఎరువు వేస్తే మళ్లీ చిగురిస్తుంది. మన పిల్లలు అమెరికాలో చేస్తున్నదీ ఇదే. మంచు పడితే చచ్చిపోయే ఈ మొక్కను చలికాలం ముందే కత్తిరించి, కరివేపాకు కుండీతో పాటు లోపలికి తెచ్చి, దీపం కింద నిలబెట్టి, ఎండ రాగానే బయట పెడతారు.

ఒక కుండీతో ఊరమిరపకాయలు పెట్టలేం, ఏడాది కారం అసలే రాదు. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం వదిలిన ఎల్‌సీఏ 334 లాంటి రకాలు ఎండుకాయ కోసం, పొలాల కోసం పుట్టినవి. కుండీ పని వేరు: చద్దన్నంలోకి తాడేపల్లిగూడెం ఉల్లిపాయతో కొరుక్కోవడానికి, చేపల పులుసులో చీల్చి వేయడానికి అప్పటికప్పుడు తుంచిన రెండు కాయలు. కారం గింజలో ఉంటుందనుకుంటాం గానీ, అది గింజలు అంటుకున్న తెల్లటి పొరలో ఉంటుంది. తక్కువ కారం కావాలంటే ఆ పొర గీకేస్తే చాలు. పికిలిపిట్టకు ఆ బెడదే లేదు, పక్షి నాలుకకు ఈ మంట తెలియదు. పండిన కాయను ముందు అదే పట్టుకుపోతుంది.

ఇంట్లో పెంపకం వల్ల ఇంకో మేలుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పొలంలో తేనెటీగలు ఒక రకం పుప్పొడిని ఇంకో రకానికి అంటిస్తాయి, గింజ కలగాపులగమవుతుంది. తలుపు వేసిన గదిలో ఒంటరిగా కాసిన మొక్క గింజ తన రకంగానే మిగులుతుంది. సంకర విత్తనాలు వచ్చాక పెరళ్లలోంచి మాయమైన, పైకి చూస్తూ కాసే చిన్న కాయల రకం మీ ఇంట్లో ఉంటే, దాన్ని వేరే మిరప లేని కిటికీలో పెట్టండి. బాగా ఎర్రబడిన రెండు మూడు కాయలు కోయకుండా వదిలి, గింజ తీసి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి, మీద ఎవరి పెరటి నుంచి వచ్చిందో, ఏ ఏడాదిదో రాసి పెట్టాలి.